రెడ్డెమ్మ మిద్దె మీద మా మేఘన పన్ను

గుండె దిటవు లేనివాళ్ళూ, ఇప్పుడే అన్నం తిని కూర్చున్నవాళ్ళూ ఈ పేజీ తిప్పేసి పక్కదానికి పోవచ్చు. నేనేమీ అనుకోను. ఇందులో నెత్తురుంది, పేడ ఉంది, అన్నింటికంటే ఘోరంగా ఇరవై నాలుగేళ్ళ వయసులో ఉన్న నేనున్నాను. ఆ వయసులో నాకు తెలియని విషయమంటూ లేదు. ఎవరైనా ఒక మాట మొదలుపెడితే చాలు, మిగతా మాట నేనే పూర్తిచేసి, దానికి జవాబు కూడా నేనే చెప్పేసేదాన్ని. అలాంటి మనిషి చేతికి ఒక చిన్నపిల్లనీ, ఆ పిల్ల ముందుపన్నునీ కలిపి అప్పజెప్పారు. తప్పు నాదొక్కదానిదే అంటే నేను ఒప్పుకోను, అప్పజెప్పినవాళ్ళకు కూడా కొంత వాటా ఉంది.

పిల్ల పేరు మేఘన. కుప్పంలో ఉండే మా అక్క కూతురు. అప్పుడు నాలుగో తరగతి. ఎండాకాలం సెలవులకు పుంగనూరులో మా ఇంటికి వచ్చింది. పై వరసలో ముందుపళ్ళు రెండూ కాస్త ఎత్తుగా, మధ్యలో చిన్న సందుతో ఉండేవి. ఆ సందు మా అక్క కంటికి హైవే అంత కనబడేది. అందుకే పిల్లను మదనపల్లెలో ఒక పళ్ళ డాక్టరమ్మకు చూపించింది. "ఇప్పుడే తొందర లేదు, ఇంకా పళ్ళు రావాల్సినవి ఉన్నాయి. పెద్దయ్యాక క్లిప్పులు వేసి వరసలోకి తెద్దాం. అంతదాకా సెలవుల్లో ఒకసారి చూపిస్తూ ఉండండి" అందట ఆవిడ. ఈసారి చూపించే డ్యూటీ నాకు పడింది.

అక్క పిల్లను మా ఇంట్లో దించి, తిరుగు బస్సెక్కుతూ కూడా అదే పాట. "సోమవారం మదనపల్లెకు తీస్కపో. డాక్టరమ్మ నంబరు నీ ఫోన్లో ఏసిండా. అంతవరకు ఆ పిల్ల నోరు జాగ్రత్త. వింటాండావా?"

"వింటాండాలే అక్కా. చిన్నపిల్లను చూసుకొనేది నాకు తెలీదా?" అన్నాను.

సోమవారం దాకా కూడా పోలేదు. శనివారం పొద్దున్నే కొంప మునిగింది.

మా ఇంటి ముందు ఇనుప గేటు ఉంది. మేఘన దాని మీదెక్కి ఊగుతూ ఉంది. నేను మెట్ల మీద కూర్చుని, నా స్నేహితురాలికి పెళ్ళిచీర ఏ రంగుది కొనాలో ఫోన్లో బోధిస్తున్నాను. ఆ అమ్మాయి చీర ఎప్పుడో కొనేసింది, ఆ మాట చెప్పడానికి నేనింకా అవకాశం ఇవ్వలేదు. ఇంతలో గేటు వెళ్ళి గోడకు ధడేల్మని తగిలింది. పిల్ల కింద పడింది, మూతి మెట్టుకు కొట్టుకుంది. నేను లేచేలోపే అది నా ముందుకొచ్చి నిలబడింది. గడ్డమంతా నెత్తురు. అరచేతిలో పన్ను.

లోపల్నుంచి మా అమ్మ పరిగెత్తుకొచ్చింది. "అయ్యో నా బంగారూ! ఎవురు పెట్టినారే ఈ పాడు గేటు ఈడ!" అని గుండెలు బాదుకుంది. గేటు పెట్టించింది ఆమే.

నాకూ భయమేసింది. కానీ అన్నీ తెలిసినవాళ్ళు భయపడకూడదు కదా. "అరవాకు మా! ఏం కాలేదు. పాలపన్ను. ఈ వయసులో ఊడేదే. గేటు పుణ్యమా అని నాలుగు దినాలు ముందు ఊడింది, అంతే" అన్నాను.

"కాదు పిన్నీ, ఇది..." అంది మేఘన.

"నువ్వు మాట్లాడాకు! మాట్లాడితే నెత్తురు కారతాది" అని దాని మూతికి చేతిగుడ్డ అదిమిపెట్టాను.

పన్ను వైపు ఒకసారి చూశాను. పాలపన్నంటే బియ్యపుగింజకు అన్నలా ఉంటుంది. ఇది మాత్రం నా చిటికెనవేలి కణుపంత పొడవుంది. కింద గట్టి వేరు. మామూలు మనిషికైతే అక్కడే అనుమానం రావాలి. నాకు ఆనందం వచ్చింది. "చూడుమా, ఎంత బలమైన పాలపన్నో! కుప్పంలో పాలు మంచివి దొరకతాండాయి" అన్నాను.

ఇక పాలపన్ను ఊడితే మా వైపు చేసేదేమిటో మీకు తెలిసే ఉంటుంది. తెలియకపోతే ఇదిగో. ఊడిన పన్నును ఆవుపేడ ముద్దలో పెట్టాలి. పిల్లలే పెట్టాలి. మిద్దెకు వీపు పెట్టి నిలబడి, తల మీదుగా మిద్దె మీదికి విసరాలి. విసిరేటప్పుడు పక్కనున్నవాళ్ళు కూడా చూడకూడదు. చూస్తే కొత్తపన్ను వంకరగా వస్తుందని మా ఇంటి నమ్మకం. మా మిద్దె రెండంతస్తులది, పిల్లల చేతికి అందదు. అందుకని మా ఇంట్లో అందరి పళ్ళూ పక్కింటి రెడ్డెమ్మక్క మిద్దె మీదికే పోయాయి. ఆమెది ఒంటంతస్తు మిద్దె. ఆవులున్నాయి, పాలు పోస్తుంది, పేడకు కూడా కొదవ లేదు. మా పళ్ళ కోసమే దేవుడు ఆమెను పక్కింట్లో పెట్టాడనుకునేవాళ్ళం.

నేను పోయి వెచ్చటి పేడ ఇంత తెచ్చి మేఘన చేతిలో పెట్టాను. అది పేడ వైపు చూసింది. నా వైపు చూసింది. గుడ్డ వెనకనించి "పిన్నీ, అమ్మ ఏం చెప్పిందంటే..." అంటూ ఏదో మొదలుపెట్టింది.

"అమ్మకు నేను చెప్పుకుంటాలే! పేడలో పన్ను పెట్టి ఇసురు. సందు పోయి చక్కగా వస్తాది కొత్తపన్ను. క్లిప్పులు గిప్పులు ఏం అక్కర్లా. మా, నువ్వూ అట్ల తిరుక్కో!"

నేనూ అమ్మా గోడవైపు తిరిగి, భక్తిగా కళ్ళు మూసుకున్నాం. రెడ్డెమ్మక్క మిద్దె మీద ఏదో మెత్తగా పడిన చప్పుడయింది. శాస్త్రోక్తంగా జరిగిపోయింది.

తిరిగి చూస్తే పిల్ల చేతులు కడుక్కుని, మూతికి గుడ్డ అడ్డం కట్టుకుని, ఒక మూలన నిలబడింది. కుడి బుగ్గ ఉబ్బి ఉంది. "అయ్యో, బుగ్గ సూడు ఎట్ల వాసిందో!" అని మా అమ్మ ఫ్రిజ్‌లోంచి ఐసుముక్కలు తెచ్చి అద్దడం మొదలుపెట్టింది.

అక్కడితో ఊరుకున్నా సగం బాగుండేది. నేను ఊరుకునే రకమా? సోమవారం డాక్టరమ్మకు శ్రమ తగ్గించానన్న శుభవార్త ముందే చెబుదామని ఫోన్ చేశాను.

"నమస్తే మేడం. సోమవారం కుప్పం పాపను తీస్కొస్తాండా కదా. ఒక ముందుపన్ను దానంతటదే ఊడిపోయింది మేడం. మీకు ఒక పన్ను పని తగ్గింది."

"ఊడడం ఏంటమ్మా?" అందావిడ. "ఆ పాపకు ముందుపళ్ళు రెండూ పాలపళ్ళు పోయి వచ్చినవే. అవి అసలు పళ్ళు. దెబ్బేమైనా తగిలిందా?"

"గేటు మీది నుంచి... కొంచెంగా..."

"పన్ను మొత్తం, వేరుతో సహా వచ్చిందా? అయితే కంగారు పడొద్దు. మళ్ళీ అక్కడే పెట్టొచ్చు. ఎంత తొందరగా తెస్తే అంత మంచిది. వేరు ముట్టుకోవద్దు, కడగొద్దు, రుద్దొద్దు, ఆరనివ్వొద్దు. పాలల్లో వేసి పరిగెత్తుకుని రండి. పన్నెక్కడుంది?"

"మేడం... పేడలో ఉండాది."



"ఎందులో?"

"ఆవుపేడలో మేడం. మిద్దె మీద."

"మీ మిద్దె మీదా?"

"కాదు మేడం. పక్కింటోళ్ళ మిద్దె మీద."

డాక్టరమ్మ తన చదువంతా ఒకసారి గుర్తుచేసుకుని, ఇలాంటిదానికి ఎక్కడా మందు రాయలేదని తేల్చుకున్నట్టుంది. చివరికి గొంతు సవరించుకుని, "వెతకండమ్మా" అంది. "దొరికితే అట్లే పాలల్లో వేసుకుని వచ్చేయండి. మీరు మాత్రం కడగొద్దు. అది నేను చూసుకుంటాను. దొరక్కపోయినా పాపను తీసుకురండి."

నేను ఫోన్ కిందపెట్టిన తీరు చూసి మా అమ్మకు విషయం అర్థమైపోయింది. "మళ్ళీ రాదా ఆ పన్ను?" అంది. రాదు. జన్మకు రాదు. మా అక్క సందు చూసే బెంగపెట్టుకుంది, నేను ఆ సందును ఏకంగా వాకిలి చేసిపెట్టాను.

నిచ్చెన వేసుకుని రెడ్డెమ్మక్క మిద్దె ఎక్కాను. ఎక్కి చూసి, మెట్టు మీదే కూలబడ్డాను. మిద్దె నిండా పిడకలు! పొద్దున్నే తట్టి ఆరబెట్టినవి, ఇంకా పచ్చిగా, వరసలు వరసలుగా ఉన్నాయి. ఒక మిద్దె నిండా పేడలో ఒక చిన్న పేడముద్ద వెతకాలి. ఎక్కడ పడిందో చూద్దామంటే, చూడకూడదని కళ్ళు మూసుకున్న మహాతల్లిని నేనే.

ఒక్కొక్క పిడక చేతులతో చిదిమి చూడటం మొదలుపెట్టాను. కింద రెడ్డెమ్మక్క గొంతు లేచింది. "ఎవురది? యాల నా పిడకలన్నీ పాడు జేస్తాండావు?"

"పన్నక్కా! పన్ను కోసం సూస్తాండా!"

"నా మిద్దె మీద మీ పన్నేందమ్మే?"

"ఎప్పుడూ మీ మిద్దె మీదికే ఇసరతాం కదక్కా! నా పండ్లు, మా అక్క పండ్లు, అన్నీ ఈడే గదా!"

"అవి పండ్లా!" అని రెడ్డెమ్మక్క నడుం మీద చెయ్యేసుకుంది. "మీ ఇంటి పక్కనుంచి నా మిద్దె మీదికి అట్ల పడతానే ఉంటే, ఎవురో చేతబడి చేస్తాండారని పూజలు గూడా చేయిస్తినే!"

ఆ షాకు ఆమెకు వదిలేసి నా పనిలో నేను పడ్డాను. ఇంతలో ఎవరో నా చున్నీ లాగుతున్నారు. మేఘన! నిచ్చెనెక్కి వచ్చేసింది. మూతి మీద గుడ్డ అట్లే ఉంది. చేతులూపుతూ "ఊ... ఊ..." అంటోంది.

"తెలుసు తల్లీ, పన్నే. ఎతుకుతాండా. నువ్వు నోరు తెరవాకు!" అని దాన్ని కిందికి పంపేశాను.

పంపిన కాసేపటికే నా వేళ్ళకు గట్టిగా ఏదో తగిలింది. పేడ అంటుకుని, మధ్యలో పచ్చగా తెల్లగా మెరుస్తోంది. "దొరికింది!" అని నేను పెట్టిన కేకకు కింద ఆవులు తాళ్ళు తెంచుకోబోయాయి. రెడ్డెమ్మక్కది మంచి మనసు. అప్పుడే పిండిన పాలు చెంబుతో తెచ్చిచ్చింది. నేను ఆ పేడపన్నును అట్లే అందులోకి వదిలేశాను.

"నురగపాలల్లో పేడ ఏస్తాండావే! నీకు మతి ఉండాదా?" అని ఆమె నోరు నొక్కుకుంది.

"డాక్టరమ్మ కడగొద్దనిందక్కా!"

మా వీధి మునెప్ప ఆటో పిలిపించి, ఒక చేత్తో పిల్లనూ ఇంకో చేత్తో చెంబునూ పట్టుకుని మదనపల్లెకు బయల్దేరాను. గుంత వచ్చినప్పుడల్లా పిల్లను వదిలి చెంబును పట్టుకున్నాను. మునెప్ప అద్దంలోంచి చూస్తూ ఉన్నాడు.

"పాలు యాడికమ్మా?"

"పండ్ల డాక్టరుకప్పా."

"మదనపల్లెలో పాలు దొరకవనా?"

"ఇది వేరే అప్పా, ఇందులో పన్నుండాది. నువ్వు రోడ్డు సూసి పోనీ!"

తర్వాత మునెప్ప మధ్యమధ్యలో వెనక్కి తిరిగి చెంబును భయంభయంగా చూశాడు.

మేఘన మళ్ళీ నా చెయ్యి లాగింది. వేలితో తన బుగ్గ చూపించింది. "నొప్పా? నాకు తెలుసురా బంగారూ" అని మొదలుపెట్టి, ధైర్యంగా ఎలా ఉండాలో, డాక్టర్లంటే ఎందుకు భయపడకూడదో దారిపొడుగునా చెప్పాను. పాపం అది రెండుమూడుసార్లు చెయ్యెత్తింది, బళ్ళో టీచరు ముందు ఎత్తినట్టు. నేను ఆ చేతిని పట్టుకుని నిమిరాను.

అప్పుడే అక్క ఫోన్. "పాపకియ్యి" అంది.

"నిద్రపోతాండాది."

"ఈ యాళప్పుడా? ఆటో చప్పుడు ఇనిపిస్తాండాదే? యాడుండారు మీరు?"

నాకు ఏడుపొచ్చేసింది. గేటూ, పేడా, మిద్దే, పిడకలూ అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశాను. అక్క తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది. "వస్తాండా" అని ఒక్క మాట అనేసి ఫోన్ పెట్టేసింది.

డాక్టరమ్మ వాకిట్లోనే ఎదురుచూస్తోంది. పిల్లను ఆ పడకకుర్చీలో కూర్చోబెట్టి, చెంబు అందుకుంది. సన్నటి పటకారుతో పాలల్లోంచి దాన్ని పైకి తీసి, ఏదో ఉప్పునీళ్ళతో మెల్లగా తడిపింది. దీపం కిందికి తెచ్చి ఇటు తిప్పింది, అటు తిప్పింది. ఆమె మొహంలో రంగు మారింది.

"ఏమ్మా, పక్కింటోళ్ళ ఆవుకు దాణా ఏం పెడతారు?"

"మొక్కజొన్నలు మేడం. యాల?"

"ఇది మొక్కజొన్న గింజ. ఆవు నమలకుండా మింగినట్టుంది."

నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. పేడలోంచి వచ్చిన ఒక మొక్కజొన్న గింజకు నురగపాలు పోసి, ఆటో కట్టించి, పుంగనూరు నుంచి మదనపల్లెకు ఊరేగింపుగా తెచ్చాను. పిల్ల పన్ను మాత్రం అక్కడే పిడకల్లో ఎండకు ఎండుతోంది. ఇప్పుడు వెనక్కి పోయి వెతికినా లాభం లేదు. నాకు నిజంగా ఏడుపొచ్చింది, నవ్వులాటకు కాదు. ఆ పిల్ల బళ్ళో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం నా కళ్ళకు కట్టింది. ఏదో చెప్పాలని నోరు తెరిచాను. మాట రాలేదు. పుట్టి బుద్ధెరిగాక నా గొంతు లేకుండా ఒక గది అంత నిశ్శబ్దంగా ఉండటం అదే మొదటిసారి.

ఆ నిశ్శబ్దంలో కుర్చీలోంచి చిన్న చప్పుడయింది. మేఘన మూతి మీద గుడ్డ తీసేసింది. నోరు తెరిచింది. నాలుకతో కుడి బుగ్గలోంచి ఏదో మెల్లగా ముందుకు తోసి, డాక్టరమ్మ చేతిలోకి వదిలింది.

పన్ను. పొడుగాటి వేరుతో, తడిగా, నిక్షేపంగా!

వాచిన బుగ్గ ఒక్కసారిగా చదునైపోయింది. డాక్టరమ్మ తన చేతిలోకి చూసింది, పిల్ల మొహంలోకి చూసింది. నేను కింద కూర్చునే రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాను. మా అమ్మ అంతసేపు ఐసు పెట్టింది ఈ పన్నుకన్నమాట!

"మరి పేడలో ఏం పెట్టావే?" అన్నాను, వచ్చిన ఆ కాస్త గొంతుతో.

"ఏం పెట్టలే. ఉత్త పేడే ఇసిరినా."

"నోట్లో ఎందుకు పెట్టుకున్నావు పాపా?" అంది డాక్టరమ్మ.

"నోట్లో ఉండే పన్ను గదా మేడం. అందుకే నోట్లో పెట్టుకొన్నా" అంది మేఘన, అందులో అడగడానికేముంది అన్నట్టు. "ఇవి పోతే మళ్ళా రావని పోయినసారి మీరే చెప్పినారు గదా."

డాక్టరమ్మ పని మొదలుపెడుతూనే నాకు నాలుగు చీవాట్లు పెట్టింది. పిల్ల చేసింది మంచిదే అయినా, ఆటో కుదుపుకు మింగేసి ఉంటే ఏమయ్యేదని అడిగింది. పాలలాగే ఉమ్మి కూడా పన్నును ఆరిపోనివ్వదట. ఇంట్లో పాలచెంబులో వేసి ఉంటే ఇంకా నిశ్చింత. పన్నును మళ్ళీ దాని గుంటలో కూర్చోబెట్టి, పక్కపళ్ళకు సన్నటి తీగతో కట్టింది. నిలబడుతుందో లేదో నెలలు గడిస్తే గానీ చెప్పలేనంది. ఆ నెలల్లో నేను మొక్కని దేవుడు లేడు. పన్ను నిలబడింది. ఇప్పుడు మేఘన కాలేజీకి వచ్చింది, క్లిప్పులు కూడా వేయించుకుంది. మిగతా పళ్ళతో పాటు అది కూడా బుద్ధిగా వరసలోకి వస్తోంది.

కానీ ఆ రోజు జరిగింది ఇంకొంచెం మిగిలింది. మధ్యాహ్నం దాటాక మా అక్క కుప్పం నుంచి వచ్చి దిగింది. చెదిరిన జుట్టు, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళు. కూతురి నోట్లో పన్ను చూసి, ముందు కుర్చీ పట్టుకుని నిలదొక్కుకుంది. మొత్తం కథ విన్నాక పిల్ల పక్కన కూర్చుంది.

"పన్ను నీ నోట్లోనే పెట్టుకొని, పిన్ని మిద్దెలెక్కి ఎతుకుతాంటే యాల చెప్పలేదే?"

మేఘన ఒకసారి నావైపు చూసింది.

"చెప్తానే ఉంటిని మా. పొద్దుననుంచి చెప్తానే ఉండా. పిన్ని మాట్లాడాకు అనింది."

అక్క నావైపు తిరిగింది. డాక్టరమ్మ నావైపు తిరిగింది. ఆటోకి డబ్బుల కోసం వాకిట్లో నిలబడి ఉన్న మునెప్ప కూడా నావైపు తిరిగాడు. నా దగ్గర మంచి జవాబే ఒకటి తయారుగా ఉంది. నోరు తెరిచాను కూడా. పిల్ల కళ్ళల్లోకి చూసి మూసుకున్నాను.

అందువల్ల చదువరులందరి సాక్షిగా, ఆ డాక్టరమ్మ పడకకుర్చీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ పిల్ల నా దగ్గరికొచ్చి నోరు తెరిచినా, ఆ మాట చివరిదాకా వినే నా నోరు తెరుస్తాను. మధ్యలో దూరను. దూరితే నా ముందుపళ్ళు రెండూ నావి కావు.

ఇదంతా రాసి నిన్న మేఘనకు చదివి వినిపించాను. "పిన్నీ, అసలు ఆ రోజు గేటు..." అని మొదలుపెట్టింది.

"నాకు తెలుసులేవే, నువ్వుండు" అన్నాను.